పెరటి చెట్టు – పని తెలిసిన చెయ్యి

పెరట్లో చెట్టున్న ప్రతి ఇంటికీ ఎప్పుడో ఒకప్పుడు మనిషిని పిలిపించి కొమ్మలు కొట్టించే పని పడుతుంది. మామిడి కొమ్మ మేడ మీదికి వాలుతుంది. వేప రెమ్మలు కరెంటు తీగలకు తగులుతాయి. ముదిరిన కొబ్బరికాయలు పక్కింటి రేకుల మీద పడి గొడవవుతుంది. అప్పుడు కత్తి, తాడు భుజాన వేసుకుని వీధిలో తిరిగే మనిషిని కేకేస్తారు. బేరం నిలబడ్డ చోటే కుదురుతుంది. కూలి ఇంత, కొట్టిన కట్టె అతనిదే. చాలా ఊళ్లలో ఆ కూలి కూడా ఉండదు, కట్టే కూలి.

చెట్టుకు కీడు ఈ బేరంలోనే మొదలవుతుంది. కట్టె ఎంత పడితే పనివాడికి అంత గిట్టుబాటు. తీయాల్సింది మణికట్టు లావు కొమ్మ ఒక్కటే అయినా, దాని పక్కనున్న తొడంత కొమ్మ మీదికి అతని చూపు పోతుంది. అది అతని తప్పని అనడానికి లేదు, రోజు గడవాలి కదా. తప్పు బేరం కుదుర్చుకున్న పద్ధతిది. కూలి పనికి ఇవ్వాలి, కట్టెకు కాదు. ఏ కొమ్మ తీయాలో ముందే తేల్చి, దానికో రంగు గుడ్డ కట్టించి, రోజు కూలి మాట్లాడుకుంటే ఖర్చు కాస్త పెరుగుతుంది గానీ చెట్టు మిగులుతుంది.

చెట్టెక్కడం చిన్న విద్య కాదు. కోనసీమలో దింపు కార్మికులు రోజంతా కొబ్బరి చెట్లు ఎక్కి దిగుతారు. తెలంగాణ పల్లెల్లో గీత కార్మికులు మోకు వేసుకుని తాటిచెట్ల మొవ్వు దాకా పోతారు. ప్రాణం పణంగా పెట్టి చేసే పని అది. అయినా ఎక్కడం తెలిసినంత మాత్రాన ఏ కొమ్మ తీయాలో, ఎక్కడ కోయాలో, ఏది ముట్టుకోకూడదో తెలుస్తుందని లేదు. ఈ రెండూ తెలిసిన చెయ్యి దొరికితే ఆ ఇంటి చెట్టు అదృష్టం చేసుకున్నట్టే. దొరకనప్పుడు రెండో విద్య ఇంటివారికైనా కొంత తెలిసి ఉండాలి.

గాయపడిన కణాలను బాగుచేసుకునే శక్తి చెట్టుకు లేదు. గాయమైన కట్టె ఎప్పటికీ గాయపడిన కట్టెగానే లోపల ఉండిపోతుంది. చెట్టు చేసేదల్లా ఆ భాగం చుట్టూ గోడలు కట్టుకుని, కుళ్లు అవతలికి పాకకుండా బంధించి, దాని మీదుగా కొత్త కట్టెను పెంచుకుంటూ పోవడమే. అమెరికా అటవీ శాఖలో 1959 నుంచి 1985 దాకా పనిచేసిన అలెక్స్ షైగో వేల చెట్లను రంపంతో నిలువునా కోసి చూసి ఈ సంగతి తేల్చాడు. 1977లో వెలువడిన ఆయన వివరణ చెట్ల సంరక్షణ పద్ధతులనే మార్చేసింది. అప్పటిదాకా కొమ్మను మానుకు చెక్కినట్టు నున్నగా, ఆనవాలు లేకుండా కోయడమే మంచి పనితనమని అందరూ అనుకునేవారు. ఇప్పటికీ మన ఊళ్లలో చాలామంది అలాగే కోస్తారు, చూడ్డానికి శుభ్రంగా ఉంటుందని.

కొమ్మ మాను నుంచి పుట్టే చోట చుట్టూ కాస్త ఉబ్బెత్తుగా, బెరడు ముడతలు పడి ఉంటుంది. చేత్తో తడిమితే తెలుస్తుంది. ఆ ఉబ్బు కొమ్మది కాదు, మానుది. కుళ్లును ఆపే గోడ అక్కడే కడుతుంది చెట్టు. కోత ఆ ఉబ్బుకు సరిగ్గా బయట పడాలి. ఉబ్బును చెక్కేస్తే చెట్టు తన కాపలాను పోగొట్టుకుంటుంది, కుళ్లు నేరుగా మానులోకి దిగుతుంది. అలాగని జానెడు మొద్దు వదిలేసినా మంచిది కాదు. ఆ మొద్దు ఎండి, చీకి, దాని దారినే పుట్టగొడుగులు, చెదలు లోపలికి చేరతాయి.

పెద్ద కొమ్మను ఒక్క వేటున తీయకూడదు. పైనుంచి ఒకే కోత పెడితే, కోత సగానికి రాకముందే కొమ్మ తన బరువుకు తానే విరిగి, కింది బెరడును మాను పొడవునా చీల్చుకుంటూ పడుతుంది. అడుగున్నర బెరడు పట్టాగా ఊడిన మామిడి మాను తెలుగు పెరళ్లలో కొత్త దృశ్యం కాదు. పని తెలిసినవాడు మూడు కోతలు పెడతాడు. మొదటిది మానుకు ఓ అడుగు దూరంలో, కొమ్మ అడుగు వైపు నుంచి పైకి, మూడో వంతు లోతు. రెండోది దానికి కొంచెం అవతల, పైనుంచి కిందికి. అక్కడ కొమ్మ తెగి పడినా చీలిక మొదటి కోత దగ్గర ఆగిపోతుంది. ఇక మిగిలిన మొద్దుకు బరువుండదు. దాన్ని ఉబ్బుకు బయటగా మూడో కోతతో నిదానంగా తీయవచ్చు. ఇంటి మీదికి వాలిన కొమ్మయితే ముందు పై కొమ్మకు తాడు వేసి, కోసిన ముక్కను తాడుతో కిందికి దించుతారు. గొడ్డలి ఈ పనికి పనికిరాదు. పదునైన రంపం కావాలి, చేతి రంపమైనా, మిషన్ రంపమైనా.

కోసిన చోట ఏం పూయాలనేది చాలామంది అడిగే ప్రశ్న. పేడ, ఎర్రమట్టి, తారు, పెయింటు, ఎవరికి తోచింది వారు పూస్తారు. గాయం మీద పెయింటు కుళ్లును ఆపదని షైగో పరిశోధనల్లోనే తేలింది. తారు, పెయింటు పొర కింద తేమ నిలిచి కొన్నిసార్లు మేలు కంటే కీడే జరుగుతుంది. శిలీంధ్రాలు ఎక్కువగా సోకే మామిడి, నిమ్మ, బత్తాయి వంటి పండ్ల చెట్లకు మాత్రం మన ఉద్యాన శాస్త్రవేత్తలు బోర్డో పేస్టు పూయమంటారు. కిలో మైలుతుత్తం, కిలో సున్నం విడివిడిగా నీళ్లలో కరిగించి, మొత్తం 10 లీటర్లయ్యేలా కలుపుకోవాలి. ఇనుప పాత్ర వాడకూడదు, ప్లాస్టిక్ బకెట్టో మట్టి కుండో కావాలి. ఒకటి రెండు చెట్లకైతే అన్నీ పదో వంతు సరిపోతాయి. ఏది పూసినా వంకర కోత మంచి కోత కాదన్నది మరవకూడదు.

అన్నిటికంటే పెద్ద హాని తల కొట్టేయడం. చెట్టు ఎత్తు పెరిగిందనో, గాలివానకు పడుతుందనో పైభాగమంతా నరికి మోడు చేయిస్తారు. రెండు నెలల్లో ఆ మోడు నిండా చీపురు పుల్లల్లా చిగుళ్లు లేస్తే, చెట్టు మళ్లీ గుబురుగా వచ్చిందని ఇంటివారు సంతోషిస్తారు. అది ఆరోగ్యం కాదు, ఆకలి. వంటశాల లాంటి ఆకులన్నీ పోయేసరికి, దాచుకున్న పిండిపదార్థమంతా ఖర్చుపెట్టి చెట్టు హడావుడిగా ఆకు వేసుకుంటోంది. ఈ నీటి కొమ్మలు మాను లోతు నుంచి పుట్టినవి కావు, బెరడు కింద పైపైన అతుక్కున్నవి. అవి నాలుగైదేళ్లలో లావెక్కుతాయి. వాటి కింద ఉన్న మోడు ఈలోగా కుళ్లుతూ ఉంటుంది. గాలివాన భయంతో తల కొట్టించిన చెట్టే చివరికి గాలివానకు ఎక్కువ ప్రమాదకరమవుతుంది. ఎత్తు తగ్గించక తప్పనప్పుడు, పై కొమ్మను దాని పక్క కొమ్మ పుట్టిన చోటికి మాత్రమే కోయాలి. ఏడాదికి పచ్చని కొమ్మల్లో నాలుగో వంతుకు మించి తీయకూడదు. ముసలి చెట్టయితే అంత కూడా వద్దు.

కాలం కూడా చూడాలి. మామిడికి కాయ కోత అయిన వెంటనే, జూన్, జూలైలలో కత్తిరింపు మంచిది. అప్పుడు వచ్చిన కొత్త చిగురు చలికాలానికి ముదిరి, డిసెంబరు, జనవరిలో పూత పడుతుంది. దసరా, దీపావళికి ఇల్లు బాగుచేయించుకుంటూ ఆ ఊపులో మామిడి కొమ్మలు కొట్టిస్తే మరుసటి ఏడు కాయ ఉండదు. ఎండిన కొమ్మ, విరిగి వేలాడే కొమ్మ, బదనిక పట్టిన కొమ్మ మాత్రం ఎప్పుడైనా తీయవచ్చు. బదనికను చేత్తో లాగేస్తే లాభం లేదు. దాని వేళ్లు కొమ్మ కట్టెలోకి దిగి ఉంటాయి. అతుక్కున్న చోటికి కింద అడుగు దూరం వదిలి, కొమ్మతో సహా తీయాలి. అదీ దాని పళ్లు పండకముందే తీయాలి. పండితే పిట్టలు ఆ జిగురు గింజలను తక్కిన కొమ్మలకు అంటిస్తాయి.

కొబ్బరి సంగతి వేరు. దానికి పెరిగే మొన ఒక్కటే, అది మొవ్వులో ఉంటుంది. మొవ్వు పోతే చెట్టు పోయినట్టే. మానుకు గాయమైతే దాన్ని కప్పుకునే శక్తి కూడా దానికి లేదు. ఎక్కడానికి వీలుగా మాను మీద కత్తితో మెట్లు కొట్టిస్తే ఆ గాట్లు చెట్టు బతికినన్నాళ్లూ అలాగే ఉంటాయి. పచ్చి మట్టలు నరికించడం ఇంకో పొరపాటు. కోసిన మట్ట మొదలు నుంచి వచ్చే వాసనకు ఎర్రముక్కు పురుగు వచ్చి గుడ్లు పెడుతుంది. లోపల దాని పిల్లపురుగులు తొలుస్తున్న సంగతి మొవ్వు వాలిపోయేదాకా బయటికి తెలియదు. పూర్తిగా ఎండి వేలాడే మట్టలు, ఎండు గెలలు మాత్రమే తీయించాలి. కొత్త మట్ట విచ్చుకున్నప్పుడు ఆకులు విసనకర్రలా కత్తిరించినట్టు కనిపిస్తే అది కొమ్ముపురుగు పని. దింపు తీయడానికి ఎక్కిన మనిషే మొవ్వులో రంధ్రం చూసి, కొక్కెం ఉన్న ఇనుప చువ్వతో పురుగును బయటికి లాగుతాడు. అందుకే కొబ్బరికి పిలిచే మనిషి కాయ దింపడంతో సరిపెట్టకుండా మొవ్వు శుభ్రం చేయడం కూడా తెలిసినవాడై ఉండాలి, ఆ పనికి వేరే కూలి ఇవ్వాలి. కోకోనట్ డెవలప్‌మెంట్ బోర్డు 2011 నుంచి యంత్రంతో కొబ్బరి చెట్లెక్కడంలో యువకులకు శిక్షణ ఇస్తోంది. అలా నేర్చుకున్నవారు మానును గాయపరచకుండా ఎక్కుతారు.

చెట్టు జబ్బుకు కారణం చాలాసార్లు పైన కనపడదు, కింద ఉంటుంది. నీరు పీల్చే వేళ్లలో ఎక్కువ భాగం పైపైన రెండడుగుల మట్టిలోనే, కొమ్మల నీడ దాటి కూడా పరుచుకుని ఉంటాయి. వాటికి నీరెంత అవసరమో గాలీ అంతే అవసరం. రోడ్డు ఎత్తు పెరిగిందని వాకిలి మెరక చేయించేటప్పుడు మామిడి మొదలు చుట్టూ రెండడుగుల మట్టి పోస్తారు. చెట్టు ఆ ఏడాది బాగానే ఉంటుంది. రెండు మూడేళ్లకు కొనలు ఎండుతూ వస్తాయి. ఆ ఎండుకు మెరక కారణమని అప్పటికి ఎవరికీ తట్టదు. మెరక తప్పనప్పుడు మాను చుట్టూ దూరంగా చిన్న గోడ కట్టి, పాత నేలమట్టాన్ని అలాగే ఉంచాలి. సంపు, ప్రహరీ పునాది, డ్రైనేజీ గొయ్యి చెట్టు మొదలు పక్కనే తవ్వితే ఆ వైపు పట్టున్న వేళ్లు తెగిపోతాయి. తరవాత ఏ గాలికో చెట్టు రెండో వైపుకు ఒరుగుతుంది. ఇక సిమెంటు. వాకిలంతా గచ్చు చేసి, మాను చుట్టూ చేయి పట్టేంత సందు కూడా వదలని ఇళ్లు పట్నాల్లో వీధి వీధికీ కనిపిస్తాయి. ఢిల్లీలో చెట్ల మొదళ్ల చుట్టూ మీటరు మేర సిమెంటు తొలగించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లో ఆదేశించింది. ఆ మీటరు చోటు మన వాకిళ్లలోనూ వదలాలి. రాలిన ఆకును తగలబెట్టకుండా నాలుగు అంగుళాల మందాన ఆ చోటులో పరిస్తే తేమ నిలుస్తుంది. మానుకు మాత్రం ఆనించకూడదు. నీళ్లు పోసేది కూడా మొదట్లో కాదు, కొమ్మల నీడ అంచున.

ఎండిపోతున్న ప్రతి చెట్టూ చచ్చిన చెట్టు కాదు. 2021 వర్షాకాలం చివర తెలంగాణలో, ఆంధ్రలో కొన్ని చోట్ల వేపచెట్లు కొన నుంచి కిందికి మాడిపోతూ కనిపించాయి. వేపకు ఏదో కీడు పట్టిందని జనం భయపడ్డారు. అది ఫోమోప్సిస్ అనే శిలీంధ్రం తెచ్చే ఎండు తెగులు. 1990లలోనే కర్ణాటకలో గుర్తించిన జబ్బు. లేత చిగుళ్లను పీల్చే టీ దోమ దానికి తోడైంది. వ్యవసాయ శాస్త్రవేత్తలు ఎండిన కొమ్మలు తీసేసి కాల్చమని, కార్బెండజిమ్ మందు వాడమని చెప్పారు. అన్నిటికంటే ముఖ్యంగా చెట్లను నరకవద్దని చెప్పారు. ఎండలు ముదిరే వేళకు చాలా చెట్లు మళ్లీ చిగిర్చాయి. ఈలోగా కట్టె కోసమో, భయంతోనో కొట్టించిన వేపలు మాత్రం తిరిగి రావు.

మామిడి మాను మీద చిన్న రంధ్రం, దాని కింద రంపపు పొట్టు లాంటి పొడి కనిపిస్తే కాండం తొలిచే పురుగు లోపల ఉన్నట్టు. సన్నని ఇనుప తీగను రంధ్రంలోకి పోనిచ్చి పురుగును లాగాలి. అందకపోతే పెట్రోలులో ముంచిన దూది కూరి బంకమట్టితో రంధ్రం మూయాలి. పావుగంట పని, పెద్ద చెట్టు నిలుస్తుంది. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి కథ ఇంకా పెద్దది. వందల ఏళ్ల ఆ మర్రిని చెదలు తొలిచేసి, 2017 చివర పెద్ద కొమ్మ విరిగిపడింది. మానులోకి నేరుగా ఎక్కించిన మందు బయటికి కారిపోతుంటే, ఆసుపత్రి సెలైన్ సీసాల్లో పలచని క్లోర్‌పైరిఫాస్ పురుగుమందు నింపి కొమ్మల మీద వేలాడదీసి, చుక్కచుక్కగా ఎక్కించారు. బరువు కొమ్మల కింద కాంక్రీటు దిమ్మెలు నిలబెట్టారు. మర్రి తేరుకుంది. కూలిపోతుందనుకున్న చెట్టుకు కూడా వైద్యం ఉందనడానికి తెలుగునాట ఇంతకంటే మంచి సాక్ష్యం అక్కరలేదు.

పనివాణ్ణి కుదుర్చుకునేటప్పుడు అడగాల్సిన మొదటి మాట కూలి ఎంత అని కాదు, నిరుడు కొట్టిన చెట్టు ఎక్కడుందని. వీలైతే వెళ్లి చూడాలి. కోత చుట్టూ కొత్త బెరడు గుండ్రంగా, నాలుగు వైపులా సమానంగా మూసుకుంటూ వస్తుంటే చెయ్యి మంచిది. రెండు పక్కలే పెరిగి, పైనా కిందా ఎండిపోయి ఉంటే ఉబ్బును చెక్కేశాడని అర్థం. చెట్టును చుట్టూ తిరిగి చూడకుండానే ధర చెప్పేవాణ్ణి, అడగకముందే తల కొట్టేద్దామనేవాణ్ణి వదులుకోవడం మేలు. ఏ కొమ్మలు తీయాలి, కట్టె ఎవరిది, చెత్త ఎవరు ఎత్తాలి, గోడో రేకో పగిలితే ఎవరు భరించాలి, ఈ నాలుగు ముక్కలూ కాగితం మీద రాసుకుంటే తరవాత మాటా మాటా పెరగదు.

పనివాడి ప్రాణం చెట్టు ప్రాణం కంటే ముందు. నడుముకు తాడు, తలకు హెల్మెట్టు లేకుండా ఎక్కనివ్వకూడదు. వాన పడి మాను తడిగా ఉన్న రోజున, మందు తాగి వచ్చిన రోజున పని ఆపాలి. కొమ్మ కరెంటు తీగకు దగ్గరగా ఉంటే ముందు లైన్‌మన్‌కు చెప్పాలి. అతను లైన్ క్లియర్ (ఎల్.సి.) తీసుకుని, సరఫరా ఆపి, సరే అన్న తరవాతే కత్తి పైకి పోవాలి. పచ్చి కొమ్మలో కరెంటు పారుతుందన్న సంగతి తెలియక ఏటా ప్రాణాలు పోతున్నాయి. ఈ పని చేసేవారిలో ఎక్కువమందికి బీమా ఉండదు. ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనకు ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో ప్రాణం పోతే కుటుంబానికి 2 లక్షలు. ఏటా అదే మనిషిని పిలిచే ఇంటివారు ఆ 20 రూపాయలు తామే కట్టించడం ధర్మం.

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ వెతుకులాట కొంత సులువు. అక్కడ 1924లో ఏర్పడిన ఇంటర్నేషనల్ సొసైటీ ఆఫ్ ఆర్బోరికల్చర్ 1992 నుంచి పరీక్ష పెట్టి ఆర్బరిస్టులకు యోగ్యతా పత్రం ఇస్తోంది. మూడేళ్లకోసారి దాన్ని పునరుద్ధరించుకోవాలి. బీమా పత్రం చూపించమని అడగడం అక్కడ మామూలే. అయితే అక్కడి చెట్లకు అక్కడి జబ్బులున్నాయి. తెలుగువారు ఎక్కువగా ఉండే డాలస్ చుట్టుపక్కల ఇళ్ల ముందు ఓక్ చెట్లే ఎక్కువ. ఓక్ విల్ట్ తెగులును మోసే పురుగులు పచ్చి కోతల మీద వాలతాయి కాబట్టి, ఫిబ్రవరి నుంచి జూన్ దాకా ఓక్ కొమ్మలు కొట్టవద్దని టెక్సస్ అటవీ శాఖ చెబుతుంది. ఎప్పుడు కోసినా వెంటనే పెయింటు వేయమంటుంది. గాయానికి పెయింటు వద్దన్న నియమానికి ఇది మినహాయింపు.

ఇంత చేసినా కొన్ని చెట్లను తీయక తప్పదు. మాను డొల్లయి ఇంటి వైపు ఒరిగినవి, మొదట్లో పుట్టగొడుగులు లేచి వేళ్లు కుళ్లినవి ఆ కోవలోకి వస్తాయి. సొంత పెరట్లోదే అయినా చెట్టు కూల్చడానికి ముందుగా అనుమతి కావాలి. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం రెండు రాష్ట్రాల్లోనూ అమల్లో ఉంది. కొన్ని జాతులకు మినహాయింపు ఉంది, బదులు మొక్కలు నాటమనే షరతూ ఉంటుంది. పట్నంలో పురపాలక సంఘంలోనో, అటవీ శాఖ కార్యాలయంలోనో అడిగితే దరఖాస్తు సంగతి చెబుతారు. కూల్చాలా, నిలపాలా అన్న అనుమానం తీరాలంటే దగ్గర్లోని కృషి విజ్ఞాన కేంద్రానికో, ఉద్యాన శాఖ అధికారికో చెట్టు ఫొటోలు చూపించాలి. కొబ్బరి విషయంలో అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం ఉంది. ఎవరూ అందుబాటులో లేనివారు కిసాన్ కాల్ సెంటర్‌కు ఫోన్ చేయవచ్చు. నంబరు 1800-180-1551. ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా తెలుగులోనే జవాబు చెబుతారు, ఫోనుకు ఖర్చు లేదు.